గురుగ్రహం మీద నేను ఆపిన మబ్బు

మన భూమిని మింగి తేన్చగలిగినంత మబ్బు ఒకటి ఉంది. దాన్ని నేను నెలన్నర పాటు కదలకుండా ఆపాను. మద్రాసులో, పెరంబూరులో, ఒక మిద్దె మెట్ల మీద కూర్చుని, పెన్సిలుతో ఆపాను. ఇటువంటి పని చేసిన తెలుగువాడు మరొకడు లేడు. నేను ఏది చెప్పినా సగం తీసేసి వినడం మా ఇంట్లో అలవాటు. ఇందులో మాత్రం తీసెయ్యడానికి ఏమీ లేదు. కాకపోతే ఎలా ఆపానన్నది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

తెనాలి వైపు నుంచి ఉద్యోగానికి మద్రాసు వచ్చిన కొత్త. నడుస్తున్న ట్రాములోంచి దూకి ఆ మిద్దె ఇల్లు వెతుక్కున్నానని మనవలకు చెబుతుంటాను. అసలు ట్రాములు అప్పటికి రెండేళ్ళ ముందే ఆగిపోయాయి. లోకల్ రైలు దిగి, దారి అడుక్కుంటూ నడిచాను. రైల్వే కార్ఖానా డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరు పని నాది. ఇంజనీర్లు గీసిన బొమ్మల మీద మైనపు గుడ్డ పరిచి, గీత మీద గీత దించడమే రోజంతా.

ఇంటాయన రిటైరైన సైన్సు మాస్టారు. వాళ్ళ వంశం మద్రాసుకు ఎప్పుడొచ్చిందో ఆయనకే తెలియదు. మాట్లాడేది తెలుగే, కానీ అందులో అరవం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కొత్తవాడికి అంతు పట్టదు. ఆయనకు పిల్లలు లేరు. భార్య అంతకు ముందటి వానల్లో పోయింది. విధవరాలైన అక్కగారు వండి పెడుతుండేది. ఆవిడను నేను పెద్దమ్మా అనేవాణ్ణి. గది ఖాళీ ఉందా అని అడిగితే మాస్టారు అద్దె సంగతి ఎత్తకుండా, నా చేతిరాత చూపించమన్నాడు. అంకెలు వేయించి చూశాడు. తరవాత మిద్దె మీదికి తీసుకెళ్ళాడు.

అక్కడుంది టెలిస్కోపు. పన్నెండంగుళాల అద్దం, ఫిరంగి అంత గొట్టం. పన్నెండు కాదు, ఆరు. గొట్టం కూడా ఫిరంగిలా ఏమీ లేదు, తగరం రేకును చుట్టి తారు పూసినది. కానీ ఆ అద్దాన్ని మాస్టారూ భార్యా కలిసి రెండేళ్ళు చేత్తో అరగదీశారట. అది మాత్రం నిజం.

ఆయన చూసేది గురుగ్రహం ఒక్కటే. ఆ గ్రహం మీద మనకు కనబడేదంతా మబ్బులేనని ఆయన చెప్పాడు. అడ్డంగా పట్టీలు పట్టీలుగా మబ్బులు, వాటి మధ్య మచ్చలు. అవన్నీ ఒకే వేగంతో పోవు. ఒకటి ముందుకు పరిగెత్తుతుంది, ఇంకొకటి వెనకబడుతుంది. వాటిలో ఏ మచ్చయినా గ్రహం బింబానికి సరిగ్గా నడిమధ్యకు వచ్చిన నిమిషాన్ని రాసుకోవాలి. ఆ నిమిషాన్ని బట్టి అది ఎక్కడుందో లెక్క కట్టవచ్చు. అలా కొన్ని నెలలు రాస్తే అది ఎంత వేగంగా పోతున్నదో తేలుతుంది. పని అంతే. చూసేవాడు చీకట్లో గొట్టం దగ్గర ఉండాలి. గడియారం, నోటుపుస్తకం, గుడ్డ కప్పిన లాంతరు ఇంకొకరి దగ్గర ఉండాలి, ఎందుకంటే వెలుతురు చూస్తే కన్ను చెదురుతుంది. పదకొండేళ్ళు ఆ ఇంకొకరు ఆయన భార్య.

నోటుపుస్తకాలు చూపించాడు. గుండ్రని అక్షరాలు, తెలుగు అంకెలు. ఎక్కువ పుటలు ఒక తెల్లమబ్బు గురించే. దాన్ని మొదట కనిపెట్టింది ఆవిడేనట, ఒక సాయంత్రం సరదాగా కన్ను పెట్టి చూసినప్పుడు. ఆ మబ్బు తన పట్టీలో ఏటా ముందుకు పరిగెడుతూనే ఉంది. ఈ పదకొండేళ్ళ లెక్కనూ ఇంగ్లీషువాళ్ళ సీమలో గ్రహాలు చూసేవాళ్ళ సంఘం ఒకటి అడిగింది. ఈ వేసవితో పూర్తి చేసి పంపాలి. ఇంకో ఏడు ఆగడానికి లేదు. ఆయన కుడికంటిలో పొర కమ్ముతోంది, ఎడమకన్ను అప్పటికే సగం. ఆపరేషన్ తరవాత సన్నటి వివరం కనబడుతుందని డాక్టరు హామీ ఇవ్వలేదు. “ఒక్క తప్పు దొరికినా, మిగతా అంతా చిత్తు కాయితం అంటారు నాయనా,” అన్నాడు నాతో. “ఆమె రాసిందంతా.”

ఆ రాసే పనిని నాకిచ్చాడు.

ఫిబ్రవరి నెల. పొద్దు కుంకేసరికే గురుడు దాదాపు నడినెత్తిన ఉండేవాడు. సముద్రపు గాలి తిరిగాక, పొయ్యిల పొగ లేవకముందు, ఒక గంటసేపు గాలి అద్దంలా నిలిచేది. కార్ఖానా నుంచి నేను నేరుగా మిద్దెక్కేవాణ్ణి. మా ఆఫీసులో బొమ్మలకు నకళ్ళు తీసే యంత్రం అమ్మోనియా ఆవిరితో పనిచేసేది; ఆ ఘాటు చొక్కాను వదిలేది కాదు. మొదటి రోజు మాస్టారు ముక్కు ఎగబీల్చి, ఆ మబ్బుల్లో ఉండేది కూడా ఇదేనని, గురుగ్రహం నుంచి నేరుగా వచ్చినట్టున్నావని అన్నాడు. తమాషాకే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. అక్కడ కాలు పెట్టడానికి నేల ఉండదని అప్పుడే చెప్పి ఉన్నాడు. దిగే కొద్దీ మబ్బే, ఇంకా దిగితే ఇంకా మబ్బే.

నా చోటు మెట్ల మీద, గోడ చాటున. ఆయన ముక్కాలి పీట మీద, గొట్టానికి కన్ను ఆనించి. కనబడినదల్లా తాపీగా చెబుతున్నాడు, ఈడ పట్టీ చీలింది, ఆడ ఒక నల్ల చుక్క, రాసుకో అని. నేను రాసుకుంటున్నాను. చుట్టూ మసకచీకటి పడింది. అప్పుడు ఆయన గొంతు మారింది. పక్కన నిలబడ్డ మనిషితో చెప్పినట్టు, మెల్లిగా, ముద్దుగా అన్నాడు:

“ఆమె... వచ్చింది.”

నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. తల ఎత్తి చూడబోయి మానుకున్నాను. ఒడిలో ఉన్నది ఆవిడ నోటుపుస్తకం. నేను కూర్చున్నది ఆవిడ మెట్టు. పోయిన భార్యను ఒక మనిషి గొట్టంలో చూసుకుంటూ అనే మాట నేను వినవలసింది కాదనుకున్నాను. చప్పుడు చెయ్యకుండా నాలుగు మెట్లు కిందికి దిగి, చెవులు మూసుకున్నంత పని చేసి కూర్చున్నాను. మర్యాద కోసం అలా చేశానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. మర్యాద కొంతే. మిగతాది భయం.

పని ముగించి దిగేటప్పుడు, తెల్లమబ్బు టైము వేశావు కదా అని అడిగాడు. దాని గురించి ఆయన చెప్పినట్టే నాకు గుర్తు లేదు. భయంలో వినలేదేమోనని, వేశానండీ అన్నాను. ఆయన కాళ్ళు కడుక్కునేలోపు అందాజుగా ఒక టైము అనుకుని వేసేశాను.

తరవాత దారి సులువైంది. నోటుపుస్తకం అట్టలో ఒక పట్టిక అంటించి ఉండేది. గురుడు ఒక చుట్టు తిరగడానికి పట్టేది తొమ్మిది గంటల యాభై అయిదు నిమిషాల చిల్లర. మొదటి టైముకు అన్ని చుట్లు కలుపుకుంటూ పోతే, ఆ మబ్బు మళ్ళీ ఏ సాయంత్రం ఏ నిమిషానికి నడిమధ్యకు రావాలో తెలిసిపోతుంది. ఆఫీసులో చేసేది ఇదే కదా, ఉన్న గీత మీద గీత దించడం. మబ్బు వచ్చే రోజున ఆయన గొంతు అలా మారేది. “ఆమె వచ్చింది,” అనేవాడు. నేను మెట్లు దిగిపోయేవాణ్ణి. అంతా అయ్యాక ఎక్కివచ్చి పట్టిక చూసి టైము వేసేవాణ్ణి. ఇలా తొమ్మిది సాయంత్రాలు. ఒక్క టైము కూడా గడియారంలో చూసింది కాదు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నాకు ఆ సాయంత్రాలు రుచించాయి. ఆఫీసులో పక్క బల్లవాడికి ఈ కథ చెబితే, మధ్యాహ్నం టిఫిన్ వేళకు నా చుట్టూ అయిదుగురు చేరారు. తెల్లచీర కొంగు గొట్టం చివర ఆడిందని కూడా చెప్పాను. అలాంటిది ఏమీ లేదు.

ఏప్రిల్ వచ్చింది. ఒక ఆదివారం పొద్దున మాస్టారు నన్ను పిలిచి, నేల మీద పొడుగాటి గళ్ళ కాగితం పరిచాడు. పదకొండేళ్ళ తెల్లమబ్బు దాని మీద ఉంది. ఒక్కొక్క టైముకు ఒక్కొక్క చుక్క, చుక్కలను కలుపుతూ ఆవిడ గీసిన గీత, ఏటవాలుగా, ఎక్కడా తడబడకుండా దిగుతోంది. ఆవిడ పోయిన వానాకాలం దగ్గర ఆగింది. ఆ తరవాత ఈ ఏటి చుక్కలు, తొమ్మిది. అవి దిగడం లేదు. నేల మీద గడప వేసినట్టు అడ్డంగా ఉన్నాయి.

“ఆగిపోయిండాది,” అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, ప్రతిసారీ పట్టికలోని అదే అంకె కలుపుతూ పోయానని గుర్తొచ్చింది. అన్ని మబ్బులూ పరిగెత్తే చోట ఒకే మబ్బు ఎందుకు ఆగుతుందని ఆయన నన్నే అడిగాడు. నేల లేనిచోట దేన్ని పట్టుకుని ఆగిందని అడిగాడు. కింద ఏదో ఉండి దాన్ని పట్టుకుని ఉండాలి, అలా ఇంతవరకూ ఎవరూ చూడలేదు, సీమకు ఇదే ముందు రాస్తాను అన్నాడు. వారం లోపల పుస్తకం పంపేస్తానన్నాడు. అప్పటిదాకా సైన్సు మాస్టారుగానే మాట్లాడాడు. తరవాత కాగితం మీద వేలు పెట్టి, గీత ఎక్కడ వంగిందో అక్కడే ఉంచి, గొంతు తగ్గించాడు.

“ఆమె పోయినప్పటి నించి కదల్లేదు, చూసినావా.”

అంతకు ముందు మిద్దె మీద విన్నదాని కన్నా ఇది ఎక్కువ భయపెట్టింది. పట్టపగలు, వాకిట్లో కూరలమ్మి కేక వేస్తోంది, ఈయన కళ్ళలో నీళ్ళూ సంతోషమూ రెండూ ఉన్నాయి. ఎక్కడో అంత దూరాన అంత పెద్ద మబ్బు, ఈ ఇంట్లో ఒక మనిషి పోయిందని నిలబడిపోయింది. నిలబెట్టిన పెన్సిలు నా చెవి మీద ఉంది.

చెప్పలేకపోయాను. మధ్యాహ్నం అక్కడే భోజనానికి కూర్చోమన్నారు. పెద్దమ్మ వంకాయ కూర వడ్డించి, ఉప్పు సరిపోయిందా అని తమ్ముణ్ణి అడిగింది. ఆయన ఆలోచనలో ఉన్నాడు. తల ఎత్తకుండానే, మెల్లిగా, ముద్దుగా అన్నాడు:

“ఆమ... సరిపోయింది.”

నా చెయ్యి విస్తట్లోనే ఆగింది. అదే గొంతు, అదే మాట. ‘ఆమా’ అంటే అరవంలో అవును అని. బస్సు దగ్గర, బడ్డీ కొట్టు దగ్గర రోజుకు నూరుసార్లు విన్న మాటే. అక్కడివాళ్ళు అనేది గట్టిగా, తల ఊపుతూ, ముక్కుతో సాగదీసి. తెలుగు మాటల మధ్య, తెలుగు నోట, ఊపిరిలా వచ్చిన ‘ఆమ’ను నేను ‘ఆమె’ అని విన్నాను. మన భాషలో మబ్బు వచ్చినా ‘వచ్చింది’ అంటాం, ఆడమనిషి వచ్చినా ‘వచ్చింది’ అనే అంటాం. ఆయన అన్నదల్లా, అవును, నడిమధ్యకు వచ్చింది అని. గడియారం చూసి నిమిషం రాసుకోవలసిన మాట అదే. ఆ మాటకే తొమ్మిదిసార్లు నేను మెట్లు దిగి పారిపోయాను.

విస్తరి ముందు కూర్చునే చెప్పేశాను. నా అంతట నేనే ధైర్యంగా లేచి నిలబడి చెప్పానని రాద్దామనుకున్నాను. నిజానికి పెద్దమ్మే నా మొహం చూసి, ఏమైంది, కూరలో పురుగేమైనా వచ్చిందా అని అడిగింది. దాంతో బయటపడింది.

ముందు పెద్దమ్మ నవ్వింది. “ఈ పిల్లోడికి అరవం రాదని అప్పుడే చెప్పినా గదరా తమ్ముడూ. మొన్న తన్ని అడిగితే కాలు దూరం జరుపుకున్నాడు.” అరవంలో తన్ని అంటే నీళ్ళు. అది నిజమే, జరుపుకున్నాను.

మాస్టారు నవ్వలేదు. “టైములు?” అన్నాడు.

“పట్టిక చూసి వేశానండీ.”

“తొమ్మిదీనా?”

“తొమ్మిదీ.”

విస్తరి పక్కకు జరిపాడు. “నేను అవునన్నాన్రా,” అన్నాడు. “ఆమా అంటే అవునని.”

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండవలసింది. ఉండలేదు. “నేనేమీ అడగలేదు కదండీ,” అన్నాను. “మీరు అవునన్నది ఎవరికి?”

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. ఆయన లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. తరవాత పెద్దమ్మే నాకు వంటింట్లో చెప్పింది. మాస్టారి భార్య మెట్ల మీద కూర్చుని అయిదేసి నిమిషాలకు ఒకసారి ‘వచ్చిందా’ అని అడిగేదట. ఆయన ఇంకా లేదు, ఇంకా లేదు అంటూ ఉండి, వచ్చినప్పుడు ‘ఆమ, వచ్చింది’ అనేవాడట. పదకొండేళ్ళు అలా జరిగింది. అంటే నేను మాట తప్పు విన్నాను. తక్కినది మరీ తప్పు వినలేదు. అడగని ప్రశ్న ఒకటి ఆ మెట్ల మీద నుంచి ఆయనకు ఇంకా వినబడుతూనే ఉంది.

సాయంత్రానికి ఆయన తేరుకున్నాడు. గురుడు పడమటికి వాలిపోతున్నాడు. కార్ఖానా పొగలో మునిగేలోపు ఆ మబ్బు మన వైపు ఉండే సాయంత్రాలు రెండే మిగిలాయి. ఒక్క నిజమైన టైము దొరికినా, అది ఆగిందో పరిగెత్తిందో తేలుతుంది. దొరకకపోతే ఈ ఏటిని పూర్తిగా కొట్టేసి పంపాలి. పదకొండేళ్ళ లెక్క చివర ఇంత ఖాళీ ఎందుకుందని వాళ్ళు అడిగితే, నా గుమాస్తా అబద్ధాలు రాశాడని ఆయనే చెప్పాలి. అలా చెప్పిన మనిషి మిగతా పుస్తకాన్ని ఎవరు నమ్ముతారు?

మొదటి సాయంత్రం మన ఆకాశంలోని మబ్బులే అడ్డం వచ్చాయి.

రెండో సాయంత్రం ఆయనే కన్ను పెట్టాడు. పొగ, పొర, రెండూ కలిసి ఆయనకు ఒట్టి పసుపు ముద్దలా కనబడింది. పీట దిగి, గడియారం నా చేతిలోంచి తీసుకున్నాడు. “గడియారం ఇంక నీది కాదు. కన్ను నీది,” అన్నాడు. పట్టిక ఉన్న నోటుపుస్తకాన్ని కూడా తీసేసుకున్నాడు. ఆగి ఉంటే ఏ నిమిషానికి రావాలో, పరిగెత్తి ఉంటే ఏ నిమిషానికి రావాలో తన దగ్గర లెక్క వేసి ఉంది, నాకు చెప్పలేదు. నేను అబద్ధం చెబుదామన్నా ఎప్పుడు చెప్పాలో తెలియకుండా చేశాడు. వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు.

ఆ రోజు వరకూ నేను గురుగ్రహాన్ని సరిగ్గా చూడలేదు. ఆఫీసులో అంత చెప్పిన వాణ్ణి, తెల్లమబ్బును అసలు చూడనే లేదు. మొదట అది నీళ్ళ అడుగున పడిన నాణెంలా వణికింది. కాసేపటికి కన్ను అలవాటు పడి పట్టీలు విడిపోయాయి. పైభాగంలో, ఒక పక్కన, తెల్లటి గింజ లాంటిది. చూస్తూండగా కదలదు. చూపు తిప్పి మళ్ళీ చూస్తే కొంచెం జరిగి ఉంటుంది. ఎవరో మనం చూడనప్పుడు అడుగు వేస్తున్నట్టుంది. చప్పుడు లేదు. అంత పెద్ద తుపానుకు చప్పుడు లేకపోవడం ఏమిటో నాకు మింగుడు పడలేదు. చొక్కా మీది అమ్మోనియా ఘాటు ముక్కుకు తగిలి, కింద పీట ఉందో లేదోనని ఒకసారి కాలితో తడిమాను.

“వచ్చిందా?” అని వినబడింది, చెవి పక్కనే.

అది ఆడగొంతు అని ముప్పై ఏళ్ళు చెప్పాను. కాదు. మాస్టారే మెట్ల మీది నుంచి అడిగాడు. గోడ దగ్గరగా ఉండటం వల్ల అలా వినబడింది. కానీ ఆ అడగడంలో ఉన్న తీరు ఆయనది కాదు. ఆయన నేర్చుకున్నది.

“ఇంకా లేదండీ,” అన్నాను.

మళ్ళీ అడిగాడు. మళ్ళీ లేదన్నాను. ఎన్నిసార్లో తెలియదు. తెల్లగింజ నడిమికి వస్తోంది, వచ్చీ రానట్టుంది. సరిగ్గా అటూ ఇటూ సమానమైంది.

“ఇప్పుడండీ.”

మెట్ల మీద లాంతరు గుడ్డ తొలగిన వెలుతురు. కాగితం మీద పెన్సిలు చప్పుడు. నేను పీట దిగి వెళ్ళేసరికి ఆయన లెక్క ముగించాడు. నా తొమ్మిది టైముల ప్రకారం అయితే అది రావలసినది ఇంకా ముప్పావు గంట తరవాత.

“ఆగలేదు,” అన్నాడు. పదకొండేళ్ళ పుస్తకం నిలిచింది. అంత పెద్ద తప్పు సీమకు రాయబోయి తప్పించుకున్నాడు. ఆ మాటలో సంతోషం ఉందేమోనని వెతికాను. ఉంది. దాని కింద ఇంకొకటి కూడా ఉంది, దాన్ని నేను చూడకుండా ఉండవలసింది. “ఎవురి కోసరమూ ఆగలేదు నాయనా అది.”

కిందికి వెళ్ళి గళ్ళ కాగితం పరిచాడు. నా తొమ్మిది చుక్కలనూ ఒక్కొక్కటిగా కొట్టేశాడు. చివరన రాసేవాడి పొరపాటు అని కాక, చూసేవాడి పొరపాటు అని ఇంగ్లీషులో రాశాడు. తరవాత నా డ్రాయింగ్ పెట్టె తెమ్మన్నాడు. ఆవిడ గీత ఆగిన చోట స్కేలు పెట్టి, అదే వాలులో, వంచకుండా, ఈ రోజు దాకా పొడిగించమన్నాడు. పొడిగించాను. అంత సన్నటి గీత నా ఉద్యోగం మొత్తంలో మళ్ళీ గీయలేదు. ఆ పైన ఆ సాయంత్రపు చుక్క పెట్టమన్నాడు. గళ్ళు లెక్కబెట్టి, సూదిమొనతో పెట్టాను.

చుక్క గీత మీద పడింది. పక్కన కాదు, మీద. వానాకాలం నుంచి ఎవరూ రాయని గీత, ఎవరో రాస్తూ వచ్చినట్టు, నేరుగా వచ్చి ఆ చుక్క కింద నిలబడింది.

మాస్టారు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ తగులుతుంది. నేను జరిపానని అనుకున్నాడు. వెంట్రుకవాసి జరిపితే సరిపోయే పని, చేసే చెయ్యి నాది. జరపలేదండీ అన్నాను. ఆయన వంగి, లాంతరు దగ్గరికి లాక్కుని చూశాడు. ఆయన కంటికి గీతే కనబడలేదు. మళ్ళీ గళ్ళు లెక్కపెట్టమని, పైకి చదవమని అన్నాడు. నేను చదువుతుంటే తన లెక్కతో సరిచూసుకున్నాడు. అంకె సరిపోయింది. చుక్క అక్కడే పడిందని ఎవరు చెప్పాలి?

“అక్కా, ఈడికి రా,” అని పిలిచాడు.

పెద్దమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడకు చదువు రాదు, గురుడూ తెలియదు, ఆ కాగితం ఏమిటో అంతకన్నా తెలియదు. చుక్క ఎక్కడుందో చూసి చెప్పమన్నాడు. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, లాంతరు పట్టుకుని, బియ్యంలో రాయి వెతికినట్టు వెతికింది.

“గీత మీదనే ఉండాది నాయనా,” అంది. “ఎందుకు?”

ఆయన కాగితం చుట్టడం మొదలుపెట్టాడు. పార్సిలుకు దారం కావాలని అడిగాడు.